మధ్యాహ్నం బండికి వాలని చెయ్యి

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది, "నాయనమ్మా, నువ్వు ఎప్పుడైనా గంతులేసినంత సంతోషపడ్డావా?" అని. పక్కన పెద్దోడు, "పెళ్ళిరోజై ఉంటదిలే" అన్నాడు, నాకు వినపడలేదనుకుని. కాదు నాయనా. పెళ్ళిలో నాకు ఆకలి, నిద్ర తప్ప ఇంకేం గుర్తులేవు. నేను గంతులేసింది సిగ్నలు చెయ్యి వాలిన రోజు. నిజంగానే గంతేశాను, అప్పుడు కడుపులో మీ నాన్న మూడో నెల. పక్కింటి అక్క పట్టుకుని తిట్టింది కూడా.

ఇదంతా ఫోన్లో చెప్పాలంటే నా గొంతు మీ దాకా రాదు. అందుకని నేను చెప్తన్నా, మీ అత్త రాస్తంది. అక్షరం తప్పైతే దాన్నడగండి.

స్వరాజ్యం వచ్చి ఏడాదో రెండేళ్ళో అయ్యుంటది. గుంటూరు నించి మాచర్ల పోయే చిన్న లైను మీద ఓ చిన్న స్టేషను. రోజూ పన్నెండింటికి రెంటచింతల చర్చి గంట సన్నగా వినపడేది, అంత దూరం. మీ తాత ఆడ పాయింట్స్‌మన్. బండి ఏ పట్టా మీదికి రావాలో ఆ పట్టా కలిపి, జెండా ఊపే పని. యుద్ధం రోజుల్లో మనుషులు చాలక తీసుకున్నారు, టెంపరవరీ కింద. అంతకు ముందు దాచేపల్లి కాడ నాపరాళ్ళ గనిలో రాయి కొట్టేవాడు. ఆ దుమ్ముకి పట్టుకున్న దగ్గు రైల్వేలో చేరాకే తగ్గింది. నేను కాపరానికి వచ్చేసరికి ఒంటిగది క్వార్టరు, ముందు వసారా, వెనక ఓ మునగ చెట్టు. నాకు అదే రాజ్యం.

పక్క క్వార్టర్లో గ్యాంగ్‌మన్ గారి భార్య ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అనేదాన్ని. ఆమె గుసగుసలాడినా ప్లాట్‌ఫారం అవతలికి వినపడేది. నా మాటేమో పక్కన కూర్చున్న మనిషికే వినపడదు. "నువ్వు మాట్లాడతన్నావో జపం చేస్తన్నావో తెలీదే అమ్మాయ్" అనేది.

అప్పటికి మా స్టేషనుకి ఉన్నది ఒకటే సిగ్నలు. ప్లాట్‌ఫారం కొసన పాత కర్ర స్తంభం, దానికి అటొక చెయ్యి, ఇటొక చెయ్యి. చెయ్యంటే ఎర్ర రంగేసిన పలక. అడ్డంగా ఉంటే బండి ఆగాలి. కిందికి వాలితే రావచ్చు. అది ముసలిదైపోయింది. వానాకాలం ఉబ్బి బిగుసుకునేది. మీ తాత నిచ్చెనెక్కి, దాని మీద తన బరువంతా ఏసి దించేవాడు. ఎండాకాలం ఎవరూ దించకుండానే జారేది. ఓసారి గేదె వీపు గోక్కుంటే వాలిపోయింది! అందుకని డ్రైవర్లు దాన్ని నమ్మేవాళ్ళు కాదు. బండి కూత వినపడంగానే మీ తాత పచ్చ జెండా పట్టుకుని కంకర మీద ఎదురు పరిగెత్తేవాడు. వాళ్ళు చూసేది ఆ పలకని కాదు, ఈయన తలపాగాని.

అట్టాంటి చోటికి ఓ రోజు గూడ్సులో కొత్త సామాను దిగింది చూడండి!

ఇనప స్తంభాలు, తాడిచెట్టంత పొడుగు. కొత్త చేతులు, నిగనిగలాడే ఎరుపు, మధ్యలో తెల్ల పట్టీ. నూతి గిలకల కంటే చిన్న గిలకలు, బుట్టలకు బుట్టలు. ప్లాట్‌ఫారం మీద బిగించడానికి నాలుగు లీవర్లు. లీవరంటే నడుమెత్తు ఇనప కడ్డీ, పైన పిడి. ఇంక తీగైతే చుట్టలు చుట్టలు. చుట్టుపక్కల పల్లెల జనం అన్నాలు కట్టుకుని వచ్చారు చూడ్డానికి.

"ఇంత తీగెందుకయ్యా, కృష్ణకి కంచె ఏస్తారా?" అని ఓ ముసలాయన అడిగాడు.

స్టేషన్ మేస్టారు మంచాయన, కొంచెం బెదురు మనిషి. ఆ రోజు మాత్రం పెళ్ళికొడుకు తండ్రి మాదిరి తిరిగాడు. "ఇక్కడ లీవరు లాగితే, ఈ తీగ ముప్పావు మైలు అవతల చెయ్యిని దించుద్ది. ఔటర్ అంటారు దాన్ని. బండి దూరం నించే చూసుకుని వస్తది. ఇంక పరిగెత్తే పని లేదు!"

"ముప్పావు మైలా! ఇక్కడ లాగితే ఆడ కదులుద్దా?" అని జనం ముక్కున వేలేసుకున్నారు. నాకు కూడా నమ్మకం కుదర్లేదు. మా ఇంట్లో ఉలవలుడికే కుండ మూతకి తాడు కట్టి, వాకిట్లోంచి లాగి చూశాను. మూత లేచింది. మీ తాత చూసి నవ్వాడు.

పట్టా పక్కన వరసగా చిన్న గుంజలు పాతి, గిలకల మీదగా తీగ లాగారు. మోకాలెత్తు ఉండేది. మర్నాడే మా అక్క దాని మీద చీర ఆరేసింది. మేస్టారు గొడుగు పడేసి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా తల్లీ! అది బండికి సైగ చేసే తీగ! తియ్యి!"

"బండొచ్చేలోపు ఆరిపోద్దిలేవయ్యా. ఈ ఎండకి ఎంతసేపు?"

నిజం చెప్పింది. రెంటచింతల ఎండంటే మీరు పేపర్లో చదివుంటారు, అంతకంటే ఎక్కువే. పొద్దెక్కాక ఇనుము ముట్టుకుంటే బొబ్బలే. అందుకని ఆ ఫిట్టర్లు తెల్లారగట్ల లేచి పని మొదలెట్టేవాళ్ళు. పొద్దు బారెడెక్కేసరికి ఆపేసి వేప చెట్ల కింద పడుకునేవాళ్ళు. మా వైపు ఇనప పనంతా అంతే, చల్లటి పూటే. తీగ లాగి బిగించింది కూడా తెల్లారగట్లే. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

అంతా బిగించాక గుంటూరు నించి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన ఉండే రైలు పెట్టె ఓ పక్క లైన్లో నిలబెట్టారు. ఖాకీ నిక్కరు, దొరలు పెట్టుకునే సోలా టోపీ. మీ తాతని పిలిచి పైనించి కింది దాకా చూశాడు.

"ఏమోయ్, ఇన్నాళ్ళూ జెండా ఊపావు. ఇది మిషను పని. లాగగలవా?"

"లాగుతానయ్యా."

"రెండు రోజులు నా కళ్ళ ముందు ఒక్క బండి కూడా ఔటర్ కాడ ఆగకుండా లోపలికి తెప్పిస్తే, లీవరు మనిషిగా నీకు పర్మనెంటు రాస్తా. ఆగిందా, గుంటూరు నించి నేర్చుకున్న మనిషి వస్తాడు. ఈ క్వార్టరు ఆయనకి కావాలి."

అంతే. ఈ పని నిలవాలి, లేకపోతే మళ్ళీ ఆ రాళ్ళ గనికే పోవాలి. ఇంటికొచ్చి ఆయన ఆ మాటే చెప్పాడు, చెప్తా చెప్తా దగ్గాడు. మామూలు దగ్గే. కానీ నాకు ఆ గని దుమ్మే గుర్తొచ్చింది.

మొదటి రోజు పొద్దున బండి! అబ్బ, ఆ పొద్దున! ప్లాట్‌ఫారం మీద ఇసకేస్తే రాలదు. లీవర్లకి ఎవరో బంతిపూల దండ ఏశారు. మీ తాత ఉతికిన చొక్కా ఏసుకుని, పిడి నొక్కి, కాలు తన్నిపెట్టి వెనక్కి ఒరిగాడు. తీగ సర్రున గిలకల మీద పరిగెత్తింది. మేం అందరం తలలు తిప్పి దూరంగా చూశాం. వేలెడంత కనపడతంది ఆ చెయ్యి. ఠప్పున వాలింది!

"వాలిందిరో!" అని ఒకటే అరుపులు. బండి కూతేసుకుంటా ఆగకుండా వచ్చేసింది. డ్రైవరు కిటికీలోంచి తొంగి చూసి, "ఏం పాయింటుమానూ, ఇయ్యాల కూర్చునే రప్పిస్తన్నావే!" అన్నాడు. మీ తాత మొహం చూడాల్సింది. ఆయన నవ్వితే ఒక పక్క పన్ను బయటికొచ్చేది. పెద్దోడికి అదే వచ్చింది.

ఇంక మధ్యాహ్నం బండి. చర్చి గంట పన్నెండు కొట్టి రెండు గంటలైంది. కంకర మీద గాలి మంట మాదిరి ఆడతంది. మీ తాత పిడికి గుడ్డ చుట్టి లాగాడు. లీవరు పూర్తిగా వెనక్కొచ్చింది, తేలిగ్గా. దూరాన చెయ్యి కొంచెం వంగి ఆగిపోయింది. అడ్డం కాదు, వాలడం కాదు. సగం వాలిన చెయ్యిని ఏ డ్రైవరూ నమ్మడు. బండి ఔటర్ అవతల ఆగిపోయి ఒకటే కూతలు. మీ తాత మళ్ళీ లాగాడు, మళ్ళీ లాగాడు. ఆఖరికి పాత పచ్చ జెండా తీసుకుని ఆ ఎండలో ముప్పావు మైలు పరిగెత్తి బండిని తీసుకొచ్చాడు.

ఇన్‌స్పెక్టరు ఏమన్నాడో మా వసారాలోకి వినపడింది. "జబ్బలో సత్తువ లేదు నీకు. రేపు మధ్యాహ్నం బండి కూడా ఆగిందంటే సామాను సర్దుకో."

సాయంత్రం బండికేమో చెయ్యి బాగానే వాలింది. ఇన్‌స్పెక్టరు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మీ తాత అన్నం ముందు కూర్చుని అరచేతులు చూసుకుంటన్నాడు.

నేను మెల్లిగా అన్నాను, "పొద్దున వాలింది, పొద్దుగూకేటప్పుడు వాలింది. మధ్యాహ్నం ఒక్కటే గదా వాలంది. మధ్యాహ్నానికి నీ సత్తువ యాడికి పోయింది?"

"ఏందే, నువ్వు కూడా నన్నే అంటన్నావా? ఎండకి నీరసమొచ్చిందేమో."

"నీరసం నీకు కాదేమో. తీగకేమో."

ఆయన ముద్ద ఆపి నా వైపు చూశాడు.

మీకు తెలుసుగదా, మా నాన్న ఎడ్ల బండి చక్రాలకి ఇనప కట్టు ఎక్కించే మనిషి. కట్టు చక్రం కంటే కాస్త చిన్నదిగానే చేస్తారు. దాన్ని పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే పెద్దదై, చక్రం మీద ఇట్టే కూర్చుంటది. వెంటనే నీళ్ళు పోస్తే చుయ్యిమని బిగుసుకుని కర్రని పట్టేసుద్ది. ఆ నీళ్ళు పోసింది చిన్నప్పుడు నేనే. కాలిన ఇనుము పెరుగుద్ది, చల్లారిన ఇనుము తగ్గుద్ది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పావు మైలు తీగ ఆ ఎండలో ఎంత పెరుగుద్దో! అది చల్లగా ఉన్నప్పుడు బిగించారు. ఎండకి సాగి వేలాడతంది. లాగిన లాగుడంతా ఆ వేలాటం తీర్చడానికే సరిపోతంది, చెయ్యి దాకా పోవట్లేదు.

"రేపు చూద్దాం పద" అన్నాడు మీ తాత. అన్నం మొత్తం తిన్నాడు.

మర్నాడు తెల్లారగట్ల ఇద్దరం పోయాం. రెండు గుంజల మధ్య తీగ కింద ఓ రాయి పెట్టాను. రాయికీ తీగకీ మధ్య నా జాన సరిగ్గా పట్టింది. వేలితో మీటితే తీగ కంగున మోగింది. పొద్దున బండికి చెయ్యి చక్కగా వాలింది. మళ్ళీ చర్చి గంట పన్నెండు కొట్టాక, తడిపిన చీర చెంగు నెత్తిన ఏసుకుని పోయి చూశాను. రాయికీ తీగకీ మధ్య నాలుగు వేళ్ళు కూడా పట్టలేదు. మీటితే చప్పుడే లేదు, చచ్చిన పాము మాదిరి.

నేను పరిగెత్తుకుంటా వచ్చి మీ తాతకి చెప్పా. అంతకు ముందే, మంచిది కాదని తెలిసినా, ఇంట్లో పెట్టె సర్దేశాను. చీరలు, దుప్పటి, అడుగున అన్నం వండే గిన్నె. ఎట్టా జరిగినా పరువుగా పోదామని.

మీ తాత మేస్టారితో చెప్పాడు. లీవరు కాడ తీగకి బిగించే మర ఒకటుంది, పెద్ద స్క్రూ మాదిరి. అది తిప్పితే తీగ బిగుసుద్ది. ఫిట్టర్లు దాని మీద రంగేసి, ఎవరూ ముట్టకూడదని చెప్పి పోయారు. మేస్టారు రెండడుగులు వెనక్కి జరిగాడు. "ఒరేయ్, ఆయన ఉండగా దాన్ని ముట్టుకుంటే నా ఉద్యోగం కూడా పోద్దిరా. నువ్వే అడుక్కో."

ఇన్‌స్పెక్టరు ప్లాట్‌ఫారం మీద కుర్చీ ఏసుకుని గడియారం చూస్తన్నాడు. మీ తాత చెప్పబోతే మాటే తడబడింది. "తీగ... ఎండకి... పెరిగిందయ్యా."

ఆయన పెద్దగా నవ్వాడు. "తీగ పెరగడమేందోయ్, గుమ్మడి తీగా? సత్తువ లేదని చెప్పు!"

చుట్టూ ఉన్నోళ్ళు కూడా నవ్వారు. నేను గుంపులోంచి ముందుకొచ్చాను. నేను మగాళ్ళ ముందు నోరు తెరిచిన మనిషిని కాదు. ఏదో అన్నాను, నాకే వినపడలేదు. మా అక్క వెనకనించి వీపు మీద ఒక్కటి చరిచింది. "గట్టిగా అనవే! జపం చాలు!"

అప్పుడు అరిచాను. పుట్టాక అదే మొదటిసారి. "అయ్యా, బండి చక్రానికి కట్టు ఎక్కించేటప్పుడు ఎందుకు కాలుస్తారు? కాలిస్తే పెరుగుద్దని గదా! మీ పట్టాకీ పట్టాకీ మధ్య వేలు పట్టే సందు ఎందుకు వదిలారు? ఎండకి పెరుగుద్దని గదా! పట్టా పెరిగితే తీగ పెరగదా?"

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపి, ముందున్న పట్టా సందు వైపు చూశాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తెలుసమ్మా. అందుకేగదా మర పెట్టింది. కానీ దాన్ని ఋతువుకోసారి తిప్పితే చాలు, గుంటూరు వైపు."

"ఇది గుంటూరు కాదయ్యా! ఇక్కడ ఒక్క పూటలో అన్ని ఋతువులూ అయిపోతాయి!" అంది మా అక్క.

దూరంగా బండి కూత వినపడింది. అమ్మో, ఆ కూత! ఇన్‌స్పెక్టరు లేచి, తనే గుడ్డ పట్టుకుని తీగ మీద చెయ్యేసి చూశాడు. వదులు. "తిప్పు" అన్నాడు మీ తాతతో. "త్వరగా!"

రంగు గడ్డకట్టి మర రాలేదు. మీ తాత మోకాళ్ళ మీద కూర్చుని, తలపాగా చేతికి చుట్టుకుని, పళ్ళు బిగించి తిప్పాడు. కిర్రుమంది. ఒక చుట్టు. రెండు. నేను తీగ కాడ కూర్చుని మీటతా ఉన్నా. మూడు. చప్పుడు లేదు. నాలుగు. కూత దగ్గరికొచ్చింది. మేస్టారు కళ్ళు మూసుకున్నాడు. అయిదో చుట్టుకి తీగ కంగుమంది!

"మోగింది! లాగు!"

మీ తాత లేచి లాగాడు. ఎండలో కళ్ళకి అన్నీ రెండుగా కనపడతన్నాయి. ఆ ఎర్ర చెయ్యి ఒక్క క్షణం అట్టానే ఉంది. తరవాత వాలింది, పూర్తిగా, కిందికి! బండి వేగం తగ్గకుండా, పొగ కక్కుకుంటా, మా ముందు నించి దడదడమని లోపలికొచ్చింది. అప్పుడే నేను గంతేసింది. మా అక్క నా నడుం పట్టుకుని, "కడుపుతో ఉన్నావే పిచ్చిదానా!" అని తిడతా తనూ ఎగిరింది.

అందరూ అరుస్తన్నారు, మీ తాత ఒక్కడే నవ్వట్లేదు. బండి పోయాక ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయాడు.

"అయ్యా, పొద్దుగూకక ముందు ఇది మళ్ళీ వదులు చెయ్యాలి."

"ఎందుకోయ్? ఇప్పుడు బాగుందిగా."

"తెల్లారగట్లకి తీగ చల్లారి బిగుసుకుంటే, లీవరు లాగకుండానే చెయ్యి దానంతటదే వాలిపోద్ది. పట్టా మీద ఇంకో బండి ఉంటే? పాత స్తంభం కాడ గేదె చేసిన పనే ఇదీ చేసుద్ది. మధ్యాహ్నం వాలకపోతే బండి ఆగుద్ది, అంతే. తెల్లారగట్ల వాలితే మనుషులు పోతారు."

ఇన్‌స్పెక్టరు కుర్చీ పక్కనున్న స్టేషను పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. నాకు ఇప్పటికీ తెలుసు, ఆయన మనసు మారింది చెయ్యి వాలినప్పుడు కాదు, ఈ మాట విన్నప్పుడు.

"సత్తువ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటన్నా" అన్నాడు. "చర్చి గంటకి అయిదు చుట్లు బిగించు. పొద్దుగూకే ముందు అయిదు చుట్లు వదులు. ప్రతిరోజూ. నేను పుస్తకంలో నీ పని కింద రాసి పోతా, పర్మనెంటని కూడా." జేబులోంచి పెన్ను తీసి, అక్కడే, నిలబడే రాశాడు. మీ తాత కింద వేలిముద్ర ఏశాడు. తరవాత నా వైపు తిరిగి, "మీ నాన్నగారికి మా వర్క్‌షాపులో పని కావాలంటే చెప్పమ్మా" అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు, ఈసారి నేను కూడా.

ఆ ఏడు చలి మొదలయ్యే కార్తీకం దాకా మీ తాత చర్చి గంట వినపడంగానే ఎక్కడున్నా లేచి పోయేవాడు, చేతిలో ముద్ద ఉన్నా సరే. నీళ్ళకి పోయేటప్పుడు నేను తీగని ఒకసారి మీటి పోయేదాన్ని. మీ నాన్న ఆ క్వార్టర్లోనే పుట్టాడు, పొద్దున బండి లోపలికి వస్తన్నప్పుడు. ఆ రోజు కూడా మీ తాత లీవరు వదిలి రాలేదు. బండి పోయాకే వచ్చి చూశాడు. నేనేం అనుకోలేదు.

కానీ మీరడిగింది గంతేసిన రోజు గురించి గదా. ఆ మధ్యాహ్నం జనమంతా పోయాక మా అక్క మా గడప కాడ నిలబడి ఊరంతా వినపడేట్టు అరిచింది. "ఏమే, మీ ఆయన పొద్దున్నించీ ఏం తినలేదు! ఆ పెట్టె విప్పి గిన్నె బయటికి తీస్తావా లేదా?"

తీశాను. అడుగున ఉంది గదా, చీరలన్నీ నేల మీద పోసేసి తీశాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.